కాస్త చల్లబడనీ!

మా అమ్మాయి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతోంది. పోయిన నెల కాలేజీలో ఏదో సెమినారు ఇవ్వాలని, ముందుగా ఎవరికైనా ఒకసారి అప్పజెప్పి చూసుకుందామనుకుంది. ఆ మాట చెవిన పడగానే వాళ్ళ నాన్నగారు పేపరు ఇంకాస్త పైకెత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఇక మిగిలింది నేనే.

"అమ్మా, నువ్వు బియ్యేవి కదా! నీకు అర్థమైందంటే మా క్లాసులో ఎవరికైనా అర్థమైనట్టే" అంది. పొగిడిందో, దెప్పిందో ఇప్పటికీ తేల్చుకోలేదు. చిక్కుడుకాయలకి ఈనెలు తీసుకుంటూ "సరే, చెప్పవే" అన్నాను.

పావుగంట గడిచేసరికి నా చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. ఎందుకో చెప్పాలంటే ముందు అది చెప్పిన పాఠం మీకు చెప్పాలి. భయపడకండి. నాకు అర్థమైన భాషలోనే చెబుతాను.

కొన్ని పరమాణువులున్నాయట, ఒంటరిగా ఒక్క క్షణం నిలవలేవు. ఉదజని పరమాణువు అలాంటిదే. తోటి పరమాణువు ఎదురైతే చాలు, అతుక్కుపోతుంది. అతుక్కునేటప్పుడు బోలెడు వేడి పుడుతుంది. ఇలా చేయి ఖాళీగా ఉండి, కనబడిన దాన్నల్లా పట్టుకునే పరమాణువుల్నీ, అణువుల ముక్కల్నీ ఫ్రీ రాడికల్స్ అంటారు. మంటల్లో పుడతాయి, మంటల్లోనే పోతాయి. రెప్పపాటు కాలం వాటికి ఒక యుగం. మరి అంత వేగంగా వచ్చిపోయే వాటిని చూడడం ఎలా?

"ఫ్రిజ్‌లో పెడితే సరి!" అన్నాను హాస్యానికి.

"సగం కరెక్టు" అంది అమ్మాయి. "పాలు చల్లబరిస్తే విరగకుండా ఎందుకుంటాయి? ఆ మార్పు జరగాలంటే కొంచెం వేడి, కొంచెం తోపుడు కావాలి. చల్లదనంలో ఆ తోపుడు దొరకదు. కానీ రెండు ఉదజని పరమాణువులు కలవడానికి తోపుడే అక్కర్లేదమ్మా. ఎదురుపడితే చాలు. ఎంత చలిలోనైనా సరే. అందుకని వాటిని చల్లబరిస్తే సరిపోదు. ఒకదానికొకటి ఎదురుపడకుండా విడివిడిగా ఇరికించి, కదలకుండా గడ్డకట్టించెయ్యాలి."

ఆ ఇరికించడం ఎలాగో వింటే మీకూ నాలాగే ముచ్చటేస్తుంది. ఆర్గాన్ అని ఒక వాయువుంది. మనం పీల్చే గాలిలో నూటికి ఒక పాలుకి కొంచెం తక్కువగా అదే ఉంటుంది. దేనితోనూ కలవదు, దేనికీ స్పందించదు. 1894లో ర్యాలే, రామ్సే అనే శాస్త్రజ్ఞులు దాన్ని కనిపెట్టి, గ్రీకులో సోమరి అని అర్థం వచ్చే మాట తీసి పేరు పెట్టారు. మన తెలుగు పాఠ్యపుస్తకాల్లో జడవాయువు అన్నారు. ఆ ఆర్గాన్ వెయ్యి పాళ్ళు, మనం చూడదలచిన పదార్థం ఒక పాలు కలిపి, గాలి లేని గదిలో, సున్నాకి దిగువన 260 డిగ్రీలకి పైగా చల్లబరిచిన ఒక పారదర్శకమైన బిళ్ళ మీదికి సన్నగా చిమ్ముతారు. తగిలీ తగలగానే అంతా మంచులా గడ్డకడుతుంది. ఇక చూడండి, ఆ ఒక్క అతిథి చుట్టూ పన్నెండు ఆర్గాన్ పరమాణువులు గోడ కట్టినట్టు నిలబడి ఉంటాయి. అతిథి అన్నది నా కవిత్వం కాదు సుమా! సైన్సువాళ్ళే వాటిని అతిథి, ఆతిథేయి అంటారట. లోపలున్నది వణకగలదు. పక్కకి అడుగు వెయ్యలేదు. అప్పుడు తీరిగ్గా దాని గుండా కాంతి పంపి, అది ఎలా వణుకుతోందో చూసి, ఫలానా అని పోల్చుకుంటారు.

అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీలో జార్జ్ పిమెంటెల్ అనే ఆయనా, ఆయన తోటివాళ్ళూ 1954లో ఈ పద్ధతికి మాట్రిక్స్ ఐసొలేషన్ అని పేరు పెట్టారు. మాట్రిక్స్ అంటే లాటిన్‌లో గర్భం. ఐసొలేషన్ అంటే ఏకాంతవాసం. తల్లి కడుపనే మాటకీ జైలు కొట్టు లాంటి మాటకీ ముడిపెట్టిన ఆ మహానుభావుడు ఇంట్లో అమ్మతో ఏ పోరు పడ్డాడో అనుకుని నవ్వుకున్నాను. కానీ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. అమ్మాయి అన్న తరవాతి మాట అలాంటిది.

"చాలామంది పొరపాటు పడేది ఇక్కడేనమ్మా. అది అంత చలిలో శాంతించిందనుకుంటారు. శాంతించలేదు. దాని చురుకులో రవ్వంత కూడా తగ్గలేదు. దారి లేదు, అంతే. నాలుగు డిగ్రీలు పెంచి గోడలు కాస్త మెత్తబడనిస్తే, మొదటి క్షణంలో ఎలా ఉండేదో అలాగే బయల్దేరుతుంది."

మనం నివురుగప్పిన నిప్పు అంటాం. ఎంత బాగా అన్నారో పెద్దవాళ్ళు అనుకునేదాన్ని. ఆలోచిస్తే ఆ పోలిక ఇక్కడ చాలదు. నివురు కింద నిప్పు లోలోపల తన్ను తానే తింటూ ఉంటుంది. మా అమ్మమ్మ రాత్రి పొయ్యిలో నిప్పు కప్పెట్టి ఉంచితే తెల్లారి ఊదుకోవడానికి పనికొచ్చేది. రెండు రోజులు ఊరెళ్ళి వస్తే బూడిదే. నిప్పుకి కాలం మందు. గడ్డకట్టినదానికి కాలం మందు కాదు. చలి ఉన్నన్నాళ్ళూ దానికి నిన్నా లేదు, మొన్నా లేదు.

ఆ మాట దగ్గరే నాకు మా చెల్లెలు గుర్తొచ్చింది.

మా పిన్ని కూతురు. నాకంటే ఆరేళ్ళు చిన్నది. పెళ్ళప్పుడు మా బాబాయి దానికి పసుపు కుంకుమల కింద రెండెకరాలు రాసిచ్చాడు. కొన్నేళ్ళకి ఆడపడుచు పెళ్ళి కుదిరితే, ఆ రెండెకరాలూ అమ్మేశారు. దాని సంతకం తీసుకున్నారు, నిజమే. "ఏదో బాంకు కాగితం, ఇక్కడ సంతకం చెయ్యి" అని పెసరట్టు పోస్తున్నదాన్ని పిలిచి తీసుకున్నారు. ఆర్నెల్ల తరవాత బయటపడింది. పిల్లని చంకనేసుకుని మా ఇంటికొచ్చింది. అప్పుడు దాని కళ్ళు నాకింకా గుర్తే. ఏడవడం లేదు. "అక్కయ్యా, నేను అడగాలి. అందరి ముందూ అడగాలి. పోయింది రెండెకరాలు కాదు, నన్ను మనిషి కింద లెక్కపెట్టలేదు" అంది.

నేనేమన్నానో చెప్పనా? మీలో ఎంతమంది ఎన్నిసార్లు అనుంటారో ఆ మాటే అన్నాను. "కాస్త చల్లబడనీవే! ఇప్పుడు అడిగితే మాటలు పెరుగుతాయి. పిల్లని చూసుకో. మగవాళ్ళకి ఆడపిల్ల పెళ్ళి తొందరలో ఏం చేస్తున్నారో తెలీదు. మరిది మంచివాడే. నాలుగు రోజులు పోతే నువ్వే మర్చిపోతావు." నేను ఒక్కదాన్నే అనలేదు. పిన్ని అంది, మా అమ్మ అంది, పెద్దొదిన అంది, వాళ్ళ పక్కింటావిడ సైతం అంది. పది రోజులుంచుకుని, చీర పెట్టి, బస్సెక్కించాం. వెళ్ళింది. అడగలేదు. పదకొండేళ్ళు. ఇంటికొచ్చినవాళ్ళందరూ "మీ చెల్లెలిది ఎంత శాంత స్వభావమండీ!" అనేవారు. నాకు గర్వంగా ఉండేది కూడా.

నిరుడు, దాని కూతురికి సంబంధాల మాట వచ్చింది. భోజనాల దగ్గర మా మరిది యథాలాపంగా "మీ పుట్టింటివాళ్ళు ఏం పెట్టారు గనక, నువ్వు పెట్టుపోతల సంగతి మాట్లాడడానికి?" అన్నాడట. వేళాకోళానికే అన్నానని నా దగ్గర ఒట్టేశాడు. చెల్లెలు మజ్జిగ గిన్నె కింద పెట్టి, పదకొండేళ్ళనాటి సంగతి మొదలెట్టింది. ఏ తారీకు, ఏ పూట, ఎవరు పిలిచారు, పెనం మీద ఎన్నో అట్టు ఉంది, కాగితం మీద వేలు పెట్టి చూపించింది ఎవరు, అప్పుడు వాళ్ళ చొక్కా ఏ రంగు... ఒక్క అక్షరం మాసిపోలేదు. మరిది నాకు ఫోను చేసి "వదినగారూ, ఎప్పటి మాటో! అంతా మర్చిపోయిందనుకున్నాను. ఇంత చిన్న మాటకి ఇంతలా లేస్తుందా మనిషి?" అన్నాడు. అతని గొంతులో కోపం లేదు, నిజమైన ఆశ్చర్యం. నాకూ ఆశ్చర్యమే అప్పుడు. చిక్కుడుకాయల పళ్ళెం ముందు కూర్చున్ననాడు మాత్రం కాదు.

అమ్మాయి పాఠంలో ఇంకో ముక్క ఉంది. అది కొంచెం వినోదంగానూ, కొంచెం భయంగానూ ఉంటుంది.

ఉదజని పరమాణువులు ఒక్క గ్రాము కలిస్తే రెండు వందల పద్ధెనిమిది కిలోజౌల్స్ శక్తి వస్తుందట. రాకెట్లలో మండించే ఉదజని, ప్రాణవాయువుల మిశ్రమం గ్రాముకిచ్చే దానికి అది ఇంచుమించు పదహారు రెట్లు. రాకెట్ల మీద అందరి కళ్ళూ ఉన్న రోజులు అవి. ఇలా విడి పరమాణువుల్ని గడ్డలో దాచి ఉంచుకుని, కావలసినప్పుడు వదిలితే ఎంత బాగుండునని అమెరికావాళ్ళకి ఆశ పుట్టింది. వాషింగ్టన్‌లో నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ అనే సంస్థలో 1956 నుంచి 1959 దాకా, విశ్వవిద్యాలయాల నుంచీ కంపెనీల నుంచీ శాస్త్రజ్ఞుల్ని రప్పించి పనిలో పెట్టారు. హెర్బర్ట్ బ్రోయిడా అనే ఆయన పెద్ద. అంతకు కాస్త ముందే ఆయన నత్రజనిని విద్యుత్తుతో పరమాణువులుగా విడగొట్టి, ద్రవ హీలియం చలిలో గడ్డకట్టించి చూశాడు. ఆ గడ్డ ఆకుపచ్చగా వెలిగింది. విద్యుత్తు ఆపేశాక కూడా కాసేపు వెలిగింది. వేడి తగలనిస్తే, ఇరుక్కున్న పరమాణువులు ఒకదాన్నొకటి కలుసుకుంటూ భగ్గుమన్నాయి.

ద్రవ హీలియం అన్నాను గనక ఒక్క ముక్క. ఈ చలి అంతా ఆ హీలియం చలవే. 1908 జులైలో హాలండ్‌లోని లైడెన్‌లో కామర్లింగ్ ఓన్స్ దాన్ని మొదటిసారి ద్రవంగా మార్చాడు. సున్నాకి దిగువన 269 డిగ్రీలు. ఆ హీలియం జాడ మొదట తగిలింది 1868 ఆగస్టు 18నాటి సంపూర్ణ సూర్యగ్రహణంలో. ఆ గ్రహణాన్ని చూడడానికి ఫ్రాన్సు నుంచి జాన్సెన్ దొర వచ్చి మకాం వేసింది ఎక్కడనుకున్నారు? మన గుంటూరులో! సూర్యుడి అంచుల మంటల్లో దొరికిన వస్తువు భూమ్మీద అన్నిటికంటే పెద్ద చలికి సాధనమైంది. మిరపకాయల ఊరికి ఈ సంగతి ఎంతమందికి తెలుసో.

సరే, ఆ దాచుకునే ఆశ ఏమైందయ్యా అంటే, నీరుగారిపోయింది. దాచడం రాక కాదు. కొద్దిగానైతే భేషుగ్గా దాచగలిగారు. ఎక్కువ దాచబోతే మాత్రం ఒక ఖైదీ పక్కనే ఇంకో ఖైదీ పడుతోంది. ఇక గోడెక్కడుంది? రెండూ కలుస్తాయి. ఆ కలయికలో పుట్టిన వేడికి పక్క గోడ మెత్తబడుతుంది, అక్కడున్నది కదులుతుంది, దాని వేడికి ఆ పక్కది... నూటికి పది పాళ్ళ మాట దేవుడెరుగు, ఒక పాలు చేర్చడమే గగనమైంది. దాంతో రాకెట్లు లేవవు. మూడేళ్ళకి ఆ పథకం ముగించేశారు.

అది వింటూంటే నాకు రాకెట్లు కనబడలేదు, మా ఇళ్ళు కనబడ్డాయి. ఒక ఇల్లాలి మనసులో మింగిన మాట ఒకటుంటే పర్వాలేదు. ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ, మధ్యలో పిల్లల చదువులూ, పండగలూ, ఊరగాయలూ, నవ్వులూ వెయ్యి పాళ్ళుంటే ఏ మాటా ఇంకో మాటని కలుసుకోదు. అలా బతికేసినవాళ్ళు మన అమ్మలూ, అత్తలూ. వాళ్ళని చూసే మనకి ఓర్పు మీద అంత నమ్మకం. మాటలు పెరిగిపోయి, మధ్యనుండే వెయ్యి పాళ్ళూ తరిగిపోయినప్పుడు ఏమవుతుందో లెక్క కట్టినవాళ్ళు లేరు.

రాత్రి ఇదంతా మావారితో అన్నాను. ఆయన వాదన ఆయనకుంది. "అయితే కోపమొచ్చినప్పుడల్లా కక్కెయ్యాలంటావా? రాత్రి ఆపుకున్న మాట పొద్దున్న అక్కర్లేకుండా పోయిన సందర్భాలు మన ఇంట్లోనే లెక్కలేనన్ని ఉన్నాయి. నువ్వు ఆపుకున్నవీ, నేను ఆపుకున్నవీ" అన్నారు. కాదనలేకపోయాను. పాలలాంటి కోపాలూ ఉన్నాయి. అవి చల్లబడితే చాలు, తోపుడు లేక ఊరుకుంటాయి. నిన్నటి పప్పులో ఉప్పెక్కువైందన్న కోపం అలాంటిదే. కానీ ఇంకో జాతి కోపం ఉంది, దానికి తోపుడక్కర్లేదు. ఎదురుపడితే చాలు. ఈ రెండూ బయటికి ఒక్కలాగే నిమ్మకు నీరెత్తినట్టు ఉంటాయి. సలహా చెప్పేవాళ్ళం ఏది ఏదో అడిగామా? చెల్లెలి కళ్ళలో నీళ్ళు లేనప్పుడే నాకు తెలియాల్సింది.

"మరి పిమెంటెల్ గారూ గడ్డకట్టించాడుగా, ఆయన్నేమంటావు?" అన్నారు మావారు. పేపరు చాటున అన్నీ విన్నారన్నమాట!

అక్కడే నాకు ఒక తేడా కనబడింది. పిమెంటెల్ గడ్డకట్టించింది దాచడానికి కాదు, చూడడానికి. ఫార్మిల్ అని ఒక రాడికల్ ఉంది. మంటల్లో తళుక్కుమని మాయమయ్యేది. 1960లో ఆయనా, ఆయన శిష్యులూ దాన్ని గడ్డకట్టిన కార్బన్ మోనాక్సైడ్‌లో పట్టి నిలిపి, అదెలా వణుకుతుందో కొలిచి రాసిపెట్టారు. చలి ఒక్కటే, పద్ధతీ ఇంచుమించు ఒక్కటే. దాచుకుందామనుకున్నవాళ్ళు విఫలమయ్యారు, చూద్దామనుకున్నవాళ్ళకి ఫలించింది. ఆనాడు చెల్లెలితో "పది రోజులాగు" అనడంలో నా తప్పు లేదేమోనని ఇప్పుడనిపిస్తోంది. ఆ పది రోజులూ దాని పక్కన కూర్చుని "ఏం జరిగింది, ఎలా జరిగింది, నీకెక్కడ తగిలింది" అని నేను ఒక్కసారైనా అడిగి ఉంటే ఆ ఆగడానికి అర్థం ఉండేది. నేను అడగలేదు. సినిమాకి తీసుకెళ్ళాను. అరిసెలు వండిపెట్టాను. అది నోరు తెరవబోతే మాట మార్చాను. మౌనం అర్ధాంగీకారం అంటారు. ఆ మౌనాన్ని చుట్టూ కూర్చుని పేర్చిన మా అంగీకారం ఎంతో ఎవరూ అనరు.

నవలలు రాసేదాన్ని. పరాయి ఆడవాళ్ళ మనసుల్లోకి తొంగిచూశానని ఉత్తరాల్లో పాఠకులు మెచ్చుకుంటారు. కథల్లో నేనెప్పుడూ లోపల ఇరుక్కున్నదాని పక్షమే వహించాను. అమ్మాయి బొమ్మ గీసి చూపించేదాకా, ఆ చుట్టూ నిలబడిన పన్నెండింటిలో నేనూ ఒకదాన్నని తట్టలేదు. ఆర్గాన్ చెడ్డదేం కాదు. ఎవర్నీ కొట్టదు, తిట్టదు, కాల్చదు. దగ్గరగా నిలబడుతుంది, అంతే. సోమరి.

ఇంతకీ అమ్మాయి సెమినారు చివర్లో ఒక చిన్న తమాషా ఉంది. నేను ఆ అధ్యాయం అయిపోయిందనుకుని లేవబోతుంటే కొంగు పట్టుకుని కూర్చోబెట్టింది. 2000 సంవత్సరంలో ఫిన్లండ్‌లో హెల్సింకి విశ్వవిద్యాలయంలో మార్కు రాసానెన్ బృందం హైడ్రోజన్ ఫ్లోరైడ్‌ని ఆర్గాన్‌లో గడ్డకట్టించి, కాంతితో విడగొట్టి, ఆనక కొద్ది డిగ్రీలు వేడి పెంచి చూశారట. కొత్త వణుకు ఒకటి కనబడింది. ఏమిటా అని చూస్తే, ఉదజనికీ ఫ్లోరీన్‌కీ నడుమ ఆర్గానే చేయి కలిపింది! అంతకుముందు ఎవరూ ఆర్గాన్‌తో అలాంటి మామూలు అణువుని తయారుచెయ్యలేదు. ఆ చలి దాటితే నిలవదనుకోండి. అయినా కలిపింది.

"జడవాయువు కూడానా?" అన్నాను.

"అవునమ్మా. దగ్గరుండీ, కాస్త వేడీ ఉంటే" అంది, కాగితాలు సర్దుకుంటూ.

మొన్న ఆదివారం చెల్లెలు వచ్చింది. పొలం ఎలాగూ రాదు. కొన్నవాళ్ళు అందులో ఇల్లు కూడా కట్టేశారు. దానికీ మా మరిదికీ మధ్య మాటలు ఇప్పుడు కావలసినంత వరకే. పోట్లాట అనలేం, సఖ్యతా అనలేం. నాతో కూడా పొడిపొడిగానే ఉంది. కాఫీ కలిపి ఇచ్చి, వంటింటి తలుపు దగ్గరగా వేసి, దాని ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను.

"ఆ రోజు మీవాళ్ళని ఏమడుగుదామనుకున్నావే?" అన్నాను.

అది నావంక అదోలా చూసింది. "ఇప్పుడెందుకక్కయ్యా, అన్నీ అయిపోయాక?"

"నేను వినలేదు కదా."

కాసేపు గ్లాసు చేతుల్లో తిప్పుతూ కూర్చుంది. తరవాత మొదలెట్టింది, పెసరట్ల దగ్గర్నించి. మధ్యలో నా సంగతీ వచ్చింది. ఆ సినిమా పేరుతో సహా చెప్పింది. అరిసెలు గట్టిగా ఉన్నాయని కూడా అంది. కాఫీ చల్లారిపోయింది. మళ్ళీ పెట్టుకొస్తానని లేవబోతే, "కూర్చో. ఇంకా ఉంది" అంది.

కూర్చున్నాను.